కౌంటర్ మీద ఒక్క క్యూఆర్‌తో అన్ని యాప్‌ల డబ్బులూ ఎలా తీసుకోవాలి

చిన్న కొట్టు ఏదైనా చూడండి, గల్లా పెట్టె పక్కన కనీసం మూడు నాలుగు క్యూఆర్‌లు ఉంటాయి. ఫోన్‌పే వాళ్లది ఒకటి, పేటీఎం వాళ్లది ఒకటి, భారత్‌పే కుర్రాడు వచ్చి అతికించి పోయింది ఒకటి, బ్యాంకు మేనేజర్ అడిగితే కాదనలేక పెట్టుకున్నది ఇంకొకటి. "అన్నా, గూగుల్ పే ఉందా?" అని కస్టమర్ అడుగుతాడు. "ఉంది, ఆ పక్కది కొట్టు" అంటాడు కొట్టాయన. నిజానికి ఏది కొట్టినా డబ్బు వస్తుంది. కానీ ఏ ఖాతాకు వస్తుంది, ఎప్పుడు వస్తుంది, ఏ సౌండ్ బాక్సు పలుకుతుంది, ఎంత కోత పడుతుంది అన్నవి స్టిక్కర్‌ను బట్టి మారిపోతాయి. నెలాఖరున లెక్క తేలకపోవడానికి కారణం ఎక్కువగా ఇదే.

కిరాణా, టిఫిన్ సెంటర్, మెడికల్ షాపు, టైలరింగ్ లాంటి చిన్న వ్యాపారాలు నడిపేవాళ్లు యూపీఐ, వాలెట్లు, కార్డులు అన్నిటినీ ఒకే గాటన కట్టడం ఎలాగో వరసగా చెబుతాను.

ముందు ఒక్క విషయం. 2016లో దేశంలో చెల్లింపుల వ్యవస్థలు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ యూపీఐ తెచ్చినప్పుడే ఏ బ్యాంకు నుంచి ఏ బ్యాంకుకైనా, ఏ యాప్ నుంచైనా డబ్బు వెళ్లేలా కట్టారు. వాలెట్ కంపెనీలు మాత్రం చాలాకాలం ఎవరి క్యూఆర్ వాళ్లదే అన్నట్టు నడిచాయి. 2020 అక్టోబరులో రిజర్వ్ బ్యాంకు కొత్తగా సొంత క్యూఆర్‌లు పెట్టొద్దంది. ఉన్నవాటిని కూడా 2022 మార్చి 31కల్లా అందరికీ పనిచేసే క్యూఆర్‌లుగా మార్చమంది. కాబట్టి ఇవాళ మీ కౌంటర్ మీది స్టిక్కర్ రంగు చూసి కస్టమర్ వెనక్కి పోవాల్సిన పనిలేదు.

మొదటి పని: మీ క్యూఆర్‌లో ఏముందో చదవండి

స్టిక్కర్ మీద ఉన్న బొమ్మలో రహస్యమేమీ లేదు, అదొక చిన్న వాక్యం. మామూలు క్యూఆర్ రీడర్ యాప్‌తో స్కాన్ చేస్తే ఆ వాక్యం అక్షరాల్లో కనిపిస్తుంది. (పేమెంట్ యాప్‌తో చేస్తే నేరుగా డబ్బు కట్టే పేజీకి పోతుంది కాబట్టి అది పనికిరాదు.) అందులో "పీఏ" అనే ఇంగ్లిష్ అక్షరాల తర్వాత ఉండేది మీ యూపీఐ ఐడీ. "పీఎన్" తర్వాత ఉండేది పేరు. "ఎంసీ" తర్వాత నాలుగంకెల కోడ్ ఉంటే, అది మీరు చేసే వ్యాపారం ఏదో చెబుతుంది. కిరాణాకు 5411, మందుల షాపుకు 5912 ఇలా. ఆ కోడ్ అసలే లేకపోయినా, నాలుగు సున్నాలున్నా అది మీ వ్యక్తిగత క్యూఆర్, వ్యాపారానిది కాదు.

యూపీఐ ఐడీలో @ గుర్తు తర్వాతి భాగాన్ని కూడా చూడండి. అది ఆ ఐడీని ఏ బ్యాంకు ద్వారా నడుపుతున్నారో చెబుతుంది. ఫోన్‌పేలో కనిపించే వైబీఎల్ యెస్ బ్యాంకుది. గూగుల్ పేలో కనిపించే ఓకేయాక్సిస్ యాక్సిస్ బ్యాంకుది. మీ డబ్బు పడే ఖాతా ఆ బ్యాంకులోనే ఉండాలని లేదు, మీ ఖాతా స్టేట్ బ్యాంకులో ఉండొచ్చు. చాలామంది తికమక పడేది ఇక్కడే. క్యూఆర్ ఇచ్చింది ఒకరు, ఐడీ నడిపేది ఇంకొకరు, డబ్బు ఉండేది మూడో చోట.

ఈ తేడా ఎందుకు తెలిసి ఉండాలో 2024లో అందరికీ అర్థమైంది. ఆ ఏడాది జనవరి 31న పేటీఎం పేమెంట్స్ బ్యాంకు మీద రిజర్వ్ బ్యాంకు ఆంక్షలు పెట్టి, మార్చి 15 తర్వాత ఆ బ్యాంకు ఖాతాల్లో, వాలెట్లలో కొత్తగా డబ్బు జమ కాకూడదంది. పేటీఎం క్యూఆర్ ఉన్నా సెటిల్‌మెంట్ ఖాతా (అమ్మకాల డబ్బు చివరికి పడే ఖాతా) వేరే బ్యాంకులో పెట్టుకున్న వ్యాపారుల స్టిక్కర్లు ఎప్పటిలాగే పనిచేశాయి. డబ్బు ఆ పేమెంట్స్ బ్యాంకులోనే పడేలా పెట్టుకున్నవాళ్లు గడువులోగా ఖాతా మార్చుకోవడానికి పరుగులు పెట్టాల్సి వచ్చింది. ఒకే కంపెనీ స్టిక్కరే, తేడా అంతా వెనకున్న ఖాతాది.

ఒక కాగితం మీద మీ దగ్గరున్న ఒక్కో స్టిక్కర్‌కి ఒక్కో వరస రాయండి: ఎవరిచ్చారు, యూపీఐ ఐడీ ఏమిటి, డబ్బు ఏ బ్యాంకులో ఏ ఖాతాకు పడుతోంది, వెంటనే పడుతోందా మర్నాడా. చివరి రెండూ తెలియకపోతే ఒక్కో స్టిక్కర్‌కి మీ ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి పది రూపాయలు కొట్టి చూడండి.

రెండో పని: ఒక్క ఖాతా తేల్చుకోండి

వ్యాపారం డబ్బంతా ఒక్క ఖాతాలో పడాలి, ఆ ఖాతాలో ఇంటి డబ్బు ఉండకూడదు. కరెంటు ఖాతా అయితే మంచిది. బాగా చిన్న కొట్టయితే విడిగా ఒక సేవింగ్స్ ఖాతాతో కూడా మొదలుపెట్టొచ్చు.

ఇది ఏదో క్రమశిక్షణ కోసం చెబుతున్న మాట కాదు. 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ లెక్కల ఆధారంగా చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వెళ్లాయి. మీ ఖాతాలో బావమరిది తిరిగిచ్చిన చేబదులు, చిట్టీ డబ్బు, అమ్మకాలు అన్నీ కలిసిపోయి ఉంటే ఏది వ్యాపారమో చూపించుకునేసరికి తలప్రాణం తోకకొస్తుంది. ఇంకో సంగతి. ఎవడో మోసం చేసి కొట్టేసిన డబ్బు చేతులు మారి చివరికి దాంతో ఎవరైనా మీ కొట్లో సరుకు కొన్నా, సైబర్ పోలీసులు ఆ మొత్తాన్ని, ఒక్కోసారి ఖాతానే ఆపించేస్తారు. పిల్లల ఫీజు డబ్బు, ఇంటి లోన్ కిస్తీ కూడా అందులోనే ఉంటే ఆ నెల గడవడం కష్టం.

గ్రామీణ బ్యాంకుల్లో ఖాతా ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. 2025లో ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఒక్కటయ్యాయి. అంతకు కొన్ని నెలల ముందే తెలంగాణలోని ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు (ఏపీజీవీబీ) శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. ఇలాంటి విలీనాల తర్వాత మర్చంట్ యాప్‌లో (క్యూఆర్ ఇచ్చిన సంస్థ వ్యాపారుల కోసం ఇచ్చే యాప్) పాత బ్యాంకు పేరు, పాత ఐఎఫ్ఎస్‌సీ కోడే ఉండిపోయిందేమో ఒకసారి తెరిచి చూసుకోండి.

మూడో పని: మీ పేరు మీది క్యూఆర్ తీసేసి, వ్యాపారం క్యూఆర్ పెట్టండి

మీ ఫోన్‌లోని యాప్ చూపించే క్యూఆర్‌నే ప్రింట్ తీసి అతికించి ఉంటే, అది మనిషి నుంచి మనిషికి పంపే దారి. దానికి రూపే క్రెడిట్ కార్డుతో కట్టడం కుదరదు. సౌండ్ బాక్సు రాదు. రీఫండ్ బటన్ ఉండదు. ఎవరికైనా డబ్బు వాపసు ఇవ్వాలంటే మీరే విడిగా పంపాలి.

వ్యాపారం క్యూఆర్ కోసం పాన్, ఆధార్, బ్యాంకు వివరాలు, కొట్టు ఫొటో ఉంటే మామూలుగా సరిపోతుంది. ఇప్పించేవాణ్ణి మూడు ప్రశ్నలు అడగండి. డబ్బు అప్పటికప్పుడు ఖాతాలో పడుతుందా, రోజుకోసారి మూటగట్టి వేస్తారా? వాలెట్ నుంచి, క్రెడిట్ కార్డు నుంచి వచ్చే చెల్లింపుల మీద నా దగ్గర ఎంత తీసుకుంటారు? బాక్సు అద్దె నెలకెంత, వద్దనుకుంటే ఎలా ఆపాలి? మూడో ప్రశ్నకు జవాబు నోటిమాటగా కాకుండా యాప్‌లోనో కాగితం మీదో చూపించమనండి.

కస్టమర్‌కి కనిపించే పేరు గురించి ఒక మాట. 2025 జూన్ 30 నుంచి యాప్‌లన్నీ డబ్బు కట్టే ముందు బ్యాంకు రికార్డుల్లో ఉన్న పేరే చూపించాలి. బోర్డు మీద కొట్టు పేరుండి, ఫోన్‌లో మీ నాన్నగారి పేరు వస్తే కొత్తవాళ్లు ఆగి అడుగుతారు. ఖాతా కొట్టు పేరు మీద ఉంటే ఈ గొడవ లేదు.

నాలుగో పని: వాలెట్ డబ్బును దారిలోకి తెచ్చుకోండి

అసలు చిక్కంతా వాలెట్లతోనే. యూపీఐ అంటే బ్యాంకు ఖాతాలోని డబ్బు. వాలెట్ అంటే ముందే ఒక కంపెనీ దగ్గర వేసి ఉంచిన డబ్బు. ఈ రెండూ కలవాలంటే మధ్యలో ఉన్న తలుపు పూర్తి కేవైసీ, అంటే వాలెట్ ఎవరిదో పూర్తిగా రుజువు చేసుకోవడం.

ఫోన్ నంబరు, ఏదో ఒక గుర్తింపు నంబరు ఇచ్చి తెరిచిన చిన్న వాలెట్‌లో 10,000 రూపాయల వరకే ఉంచుకోవచ్చు. దాంతో సరుకులు కొనొచ్చు కానీ ఇంకొకరికి పంపలేరు, బ్యాంకుకు మార్చుకోలేరు. యూపీఐ తలుపు దానికి మూసే ఉంటుంది. పూర్తి కేవైసీ చేసిన వాలెట్‌లో 2 లక్షల దాకా ఉంచుకోవచ్చు. 2021లో రిజర్వ్ బ్యాంకు ఇలాంటి వాలెట్లన్నీ యూపీఐతో కలిసి పనిచేయాల్సిందేనని చెప్పి 2022 మార్చి 31 గడువు పెట్టింది. 2024 డిసెంబరు 27న ఇంకో మెట్టు ఎక్కించింది: పూర్తి కేవైసీ వాలెట్‌ను వేరే కంపెనీ యూపీఐ యాప్‌కు తగిలించుకుని కూడా వాడుకోవచ్చంది.

కాబట్టి ఎవరైనా వచ్చి "వాలెట్లో డబ్బులున్నాయి, మీ క్యూఆర్ తీసుకోవట్లేదు" అంటే ఈ వరసలో చూడమనండి. వాలెట్ పేజీలో కేవైసీ పూర్తయిందా? కాకపోతే వీడియో కాల్‌లోనే చేసే వీలు చాలా కంపెనీలు ఇస్తున్నాయి. కేవైసీ అయి ఉంటే, ఆ వాలెట్‌కు విడిగా యూపీఐ ఐడీ తయారైందా? అది కూడా ఉంటే, స్కాన్ చేశాక డబ్బు ఎక్కడి నుంచి కట్టాలో ఎంచుకునే చోట బ్యాంకు బదులు వాలెట్‌ను ఎంచుకున్నారా? మూడోది దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. యాప్ తనంతట తాను బ్యాంకు ఖాతానే ముందు చూపిస్తుంది. గిఫ్ట్ కార్డుల డబ్బు, క్యాష్‌బ్యాక్ పాయింట్లు ఇలా బయటికి రాకపోవచ్చు, వాటి కోసం కొట్లో నిలబడి కుస్తీ పట్టడం దండగ.

ఇక కోత సంగతి. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ మీద 2020 జనవరి నుంచి వ్యాపారికి చార్జీ లేదు. వాలెట్ నుంచి వచ్చే యూపీఐ వేరు. 2023 ఏప్రిల్ 1 నుంచి 2,000 రూపాయలు దాటిన వాలెట్ చెల్లింపుల మీద గరిష్ఠంగా 1.1 శాతం చార్జీ ఉంది, కొన్ని రంగాలకు ఇంకా తక్కువ. ఇది కస్టమర్ కట్టేది కాదు. మీకు క్యూఆర్ ఇచ్చిన సంస్థ వాలెట్ కంపెనీకి ఇచ్చేది. ఆ సంస్థ దాన్ని మీ మీద వేస్తే 3,000 రూపాయల బిల్లులో 33 రూపాయల దాకా పోతుంది. ఈ వార్త వచ్చినప్పుడు "ఇక యూపీఐకి చార్జీలట" అని ఊరూరా గోల లేచింది. మామూలు బ్యాంకు యూపీఐకి దీనితో సంబంధమే లేదు. అదే బిల్లును రెండు ముక్కలు చేసి 1,500 చొప్పున కొట్టమని అడిగే కొట్లు కూడా ఉన్నాయి. నన్నడిగితే, రోజుకు ఒకటీ అరా వచ్చే వాలెట్ బిల్లు కోసం కస్టమర్‌ని అలా విసిగించడం లాభసాటి బేరం కాదు.

ఐదో పని: కార్డులు, చిన్న ఫోన్లు

రూపే క్రెడిట్ కార్డును 2022 సెప్టెంబరు నుంచి యూపీఐ యాప్‌లో తగిలించుకోవచ్చు. మీది వ్యాపారం క్యూఆరే అయితే ఆ కస్టమర్ కూడా అదే స్టిక్కర్ కొడతాడు, మీరు కొత్తగా చేయాల్సిందేమీ లేదు. 2,000 దాటితే చార్జీ ఎంతో మీ సంస్థను అడిగి తెలుసుకోండి. వీసా, మాస్టర్ కార్డు క్రెడిట్ కార్డులు ఇలా రావు, వాటికి స్వైపింగ్ మెషిన్ కావాలి. డెబిట్ కార్డు గీకితే, ఏడాదికి 20 లక్షల లోపు అమ్మకాలున్న వ్యాపారి దగ్గర 0.40 శాతానికి మించి తీసుకోకూడదు. రూపే డెబిట్‌కు అదీ లేదు. రోజూ కార్డు ఉందా అని అడిగేవాళ్లు లేకపోతే మెషిన్ అద్దె దండగే.

బటన్ ఫోన్ ఉన్న పెద్దవాళ్లు వస్తారు కదా, వాళ్ల కోసం *99# ఉంది, 2022 మార్చిలో వచ్చిన, ఫోన్ కాల్‌తో కట్టే 123పే కూడా ఉంది. ఇవి ఇంటర్నెట్ లేకుండా నడుస్తాయి. ఇవి వాడేవాళ్లకు స్టిక్కర్ ఉపయోగపడదు కాబట్టి మీ యూపీఐ ఐడీనో, దానికి కట్టిన నంబరునో పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. అది రాసేటప్పుడు జాగ్రత్త. ఒకే ఫోన్ నంబరు ఒక యాప్‌లో ఒక బ్యాంకుకు, ఇంకో యాప్‌లో వేరే బ్యాంకుకు కట్టి ఉండొచ్చు. అన్ని యాప్‌లలోనూ డబ్బు అందుకునే ఖాతాగా వ్యాపారం ఖాతానే పెట్టాకే ఆ నంబరు బయటపెట్టండి.

దుబాయ్‌లోనో అమెరికాలోనో ఉన్న కొడుకు ఇక్కడి అమ్మానాన్నల కిరాణా ఖాతా తీర్చాలనుకుంటే అదీ కుదురుతుంది. విదేశాల్లో ఉన్నవాళ్లు ఇక్కడి బ్యాంకుల్లో పెట్టుకునే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలను కొన్ని దేశాల ఫోన్ నంబర్లతోనే యూపీఐకి తగిలించుకునే వీలు 2023లో వచ్చింది. వాట్సాప్‌లో క్యూఆర్ ఫొటో పంపే బదులు యూపీఐ ఐడీ పంపండి. గ్యాలరీలోంచి స్కాన్ చేస్తే, కట్టే మొత్తానికి ఉన్న పరిమితి అడ్డురావచ్చు.

ఆరో పని: బాక్సు పలికితేనే డబ్బు వచ్చినట్టు

ఒక కంపెనీ సౌండ్ బాక్సు ఇంకో కంపెనీ క్యూఆర్‌కు వచ్చిన డబ్బును పలకదు. యాప్‌లన్నీ కలిసినా బాక్సులు మాత్రం ఇంకా కలవలేదు. అందుకే బాక్సు ఏ క్యూఆర్‌కు కట్టి ఉందో అదొక్కటే కౌంటర్ మీద ఉంచి, మిగతావి తీసేయండి. అంటుకుపోయి రాకపోతే చించేయండి, పైన ఇంకో కాగితం అతికించడం వద్దు. రాత్రిపూట వచ్చి మీ స్టిక్కర్ మీద తమ స్టిక్కర్ అంటించి పోయే దొంగలున్నారు. ఒక్కటే శుభ్రంగా ఉంటే మార్చినది ఇట్టే కనబడుతుంది. పొద్దున కొట్టు తీయగానే మీ ఫోన్‌తో స్కాన్ చేసి పేరు మీదేనా అని చూడటం అలవాటు చేసుకోండి.

రద్దీ టైములో కస్టమర్ టిక్కు మార్కు చూపించి వెళ్లిపోతుంటాడు. అలాంటి స్క్రీన్ తయారుచేసే దొంగ యాప్‌లు బోలెడున్నాయి. బాక్సు పలకకపోతే మీ మర్చంట్ యాప్‌లో చూడండి. అక్కడా లేకపోతే కస్టమర్ ఫోన్‌లో ఆ లావాదేవీ తెరిపించి 12 అంకెల యూటీఆర్ నంబరు అడగండి. యూపీఐలో డబ్బు పంపినవాళ్ల దగ్గరా, అందుకున్నవాళ్ల దగ్గరా ఉండేది అదే నంబరు. చివరి నాలుగంకెలు రాసుకుంటే రాత్రి వెతకడం తేలిక.

ఏడో పని: రాత్రి లెక్క

మర్చంట్ యాప్ చూపించే ఆనాటి మొత్తం, బ్యాంకులో పడిన మొత్తం ఒకటి కాకపోతే కంగారు పడకండి, ముందు కటాఫ్ టైము చూడండి. సెటిల్‌మెంట్‌ను మూటగా వేసే సంస్థ రాత్రి పదింటికి లెక్క కట్టేస్తే, పది దాటాక అమ్మిన పాల ప్యాకెట్ల డబ్బు రేపటి మూటలో వస్తుంది. ఉదాహరణకు, యాప్‌లో 14,860 ఉంది, బ్యాంకులో 14,587 పడింది. తేడా 273. పది దాటాక వచ్చినవి 240 ఉన్నాయి. మిగిలిన 33 ఎక్కడిదో తెలియాలంటే సెటిల్‌మెంట్ రిపోర్టులో చార్జీల గడి చూడాలి. 3,000 రూపాయల వాలెట్ బిల్లు ఒకటి అందులో కనిపిస్తుంది. ఇలా రోజూ చేయనక్కర్లేదు, వారానికోసారి చేసినా చాలు. నెలకోసారి మాత్రం సరిపోదు, అప్పటికి ఏ 33 ఎవరిదో ఎవరికీ గుర్తుండదు.

యూపీఐ లైట్‌తో కట్టేవాళ్ల గురించి అడుగుతుంటారు. వాళ్ల ఫోన్‌లో 5,000 దాకా ముందే వేసుకుని, ఒక్కోసారి 1,000 దాకా పిన్ లేకుండా కడతారు. వాళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ చిన్న చెల్లింపులు విడివిడిగా కనిపించవు. మీ వైపు మాత్రం మామూలుగానే ఒక్కొక్కటిగా జమ అవుతాయి.

వాపసు ఇవ్వాల్సి వస్తే యాప్‌లోని రీఫండ్ బటన్‌తోనే ఇవ్వండి. డబ్బు ఏ వాలెట్ నుంచి, ఏ కార్డు నుంచి వచ్చిందో అక్కడికే తిరిగి వెళ్తుంది. "పొరపాటున ఎక్కువ పంపాను, ఈ నంబరుకు కొట్టండి" అని ఫోన్ వస్తే, డబ్బు నిజంగా వచ్చిందో లేదో చూసి, వచ్చి ఉంటే రీఫండే చేయండి. వాళ్లు చెప్పిన నంబరుకు పంపొద్దు. డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టమని ఎవరన్నా సరే, అది మోసమే. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

డబ్బు మధ్యలో ఇరుక్కుంటే

కస్టమర్ ఖాతాలో తగ్గింది, మీకు రాలేదు. కొట్లో గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి. రిజర్వ్ బ్యాంకు 2019లో పెట్టిన గడువులు తెలిసి ఉంటే నిదానంగా మాట్లాడొచ్చు. వ్యాపారికి కట్టిన యూపీఐ ఇలా ఆగిపోతే ఐదు రోజుల్లో డబ్బు దానంతటదే కస్టమర్ ఖాతాకు తిరిగి వెళ్లాలి. మనిషి నుంచి మనిషికి పంపినదైతే మర్నాటికే వెళ్లాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలి. ఫిర్యాదు పెట్టాల్సింది డబ్బు పోయినవాళ్లు, వాళ్ల యాప్‌లో ఆ లావాదేవీ మీదే నొక్కి. సెటిల్‌మెంట్ రాకపోతే మాత్రం మీరు, మీ క్యూఆర్ సంస్థకు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇలాంటి ఫిర్యాదులు తీర్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. 14448కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెబుతారు.

సర్వర్ డౌన్ అన్న రోజు

డౌన్ అయింది ఏదో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఒక్క కస్టమర్‌కే పడకపోతే అతని బ్యాంకో యాపో మొరాయిస్తున్నట్టు. ఇంకో యాప్‌తోనో, ఇంకో ఖాతాతోనో ప్రయత్నించమనండి. అందరికీ, అన్ని యాప్‌లలోనూ మీ దగ్గరే ఆగిపోతుంటే మీ బ్యాంకో, మీ క్యూఆర్ సంస్థో కారణం. ఇలాంటప్పటి కోసమే వేరే బ్యాంకు ఖాతా మీద తీసుకున్న ఇంకో వ్యాపారం క్యూఆర్ ఒకటి సొరుగులో ఉంచుకోండి, బయట మాత్రం పెట్టొద్దు. పక్క కొట్లో కూడా ఆగిపోయిందంటే సమస్య పైనెక్కడో ఉన్నట్టు. 2025 మార్చి 26న, మళ్లీ ఏప్రిల్ 12న దేశమంతా ఇలాగే యూపీఐ ఆగింది. అలాంటప్పుడు ఎన్ని క్యూఆర్‌లు మార్చినా లాభం లేదు. కార్డు మెషిన్ దారి వేరు కాబట్టి అది పనిచేయొచ్చు, లేదంటే నోట్లే.

ఆ గంటా రెండు గంటల్లో "ప్రాసెసింగ్" అని ఆగిపోయిన వాటిని ఒక కాగితం మీద రాసుకోండి: పేరు, ఫోన్ నంబరు, మొత్తం, యూటీఆర్. తెలిసినవాళ్లయితే సరుకు ఇచ్చి పంపండి. మళ్లీ కొట్టమని మాత్రం అడగొద్దు, సర్వర్ లేచాక రెండూ పడితే వాపసుల పని మీకే. లైన్ వచ్చిన గంట తర్వాత మర్చంట్ యాప్ తెరిచి, కాగితం మీద ఉన్నవాటిలో పడినవి కొట్టేసి, మిగిలినవాళ్లకు ఫోన్ చేయండి.